కంట్లో నీళ్ళున్నాయి, నూనే లేదు

నా చేతిలో జారిపోయింది ఒక్క ఒత్తు. కాకపోతే అది 500 సార్లు జారింది.

మాకు తెలిసిన పెద్దాయన ఒకరు పోయి ఏడాదయింది. సంవత్సరీకం నాడు పంచిపెట్టడానికి వాళ్ళబ్బాయి చిన్న స్మారక సంచిక వేయించుకున్నాడు. 64 పేజీలు. టైపు చేసింది, పేజీలు కట్టింది, ప్రూఫు చూసింది అన్నీ నేనే. విజయవాడ ఏలూరు రోడ్డులో చిన్న చిన్న ప్రచురణకర్తలకి ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేసిపెడుతున్నాను. పేజ్‌మేకర్, అను ఫాంట్ల రోజుల నుంచి ఇప్పటి ఇన్‌డిజైన్, యూనికోడ్ దాకా. ఆ సంచిక లోపలి మొదటి పేజీలో, ఫొటో కింద, ‘శ్రద్ధాంజలి’ ఉండాల్సిన చోట ‘శ్రద్దాంజలి’ అచ్చయింది. ధ ఒత్తు పడాల్సిన చోట ద ఒత్తు పడింది. రెండింటికీ తేడా చీమ కాలంత గీత. బాగా చదువుకున్నవాళ్ళు కూడా రోజూ చేసే తప్పే. కానీ వాళ్ళు ఆ తప్పు పట్టుకోవడానికి డబ్బులు తీసుకోరు. నేను తీసుకుంటాను.

మా ఆయనా నేనూ రెండు రాత్రులు కూర్చుని 500 కాపీల్లో చిన్న చీటీలు అంటించాం. రెండో రాత్రి పన్నెండు దాటాక ఆయన నా మొహం చూసి, “పోనీలేవే, ఒత్తు పోతే ఏడుస్తారా ఎవరైనా” అన్నాడు. నేను ఏడవడం లేదు. కళ్ళు వాటంతటవే కారుతున్నాయి.

అప్పటికి ఏడాదిన్నరగా ఇదే వరస. పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నం మూడు దాటేసరికి తెర మీద అక్షరాలు తడి చెయ్యి తగిలిన సిరాలా అలుక్కుపోయేవి. రెప్ప కొడితే తేరుకునేవి. రెండు వాక్యాలు చదివేలోపు మళ్ళీ అలుక్కుపోయేవి. నేను దీన్ని చత్వారం అనుకున్నాను. నలభై ఆరేళ్ళ వయసు, అనుకోవడంలో తప్పేముంది? అద్దాలు ఒకసారి మార్చాను. అవి నప్పలేదని ఇంకోసారి మార్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజంగా చత్వారమే అయితే రెప్ప కొట్టగానే ఎలా సర్దుకుంటుంది? అద్దాల పవరు రెప్పపాటుకోసారి మారదు కదా. ఇంత చిన్న సంగతి నాకూ తట్టలేదు, నాకు అద్దాలమ్మినవాళ్ళకీ తట్టలేదు.

ఇక కారడం సంగతి. తాడేపల్లిలో ఉన్న ఒక ప్రెస్సుకి స్కూటీ మీద కనకదుర్గ వారధి దాటి వెళ్ళేదాన్ని. కృష్ణ మీద గాలి మొహానికి కొట్టగానే చెంపల మీద ధారలు. ప్రెస్సులో కుర్రాడు ఒకసారి మంచినీళ్ళు తెచ్చిచ్చి, “ఇంట్లో అంతా బాగున్నారా మేడం?” అని మెల్లిగా అడిగాడు. సీలింగు ఫ్యాను కింద కూర్చుంటే ఇసక పోసినట్టుండేది. పొద్దున లేవగానే రెప్పల అంచున తెల్లగా, నురగలాగా ఏదో పట్టి ఉండేది. పుసి కాదు, సబ్బు నురగలాంటిది.

మందుల షాపుకెళ్ళి కళ్ళు ఎర్రబడుతున్నాయంటే ఒక చుక్కల మందు ఇచ్చారు. వేసిన పది నిమిషాల్లో కళ్ళు తెల్లగా మెరిసేవి. సాయంత్రానికి ముందుకంటే ఎర్రగా అయ్యేవి. ఆ రకం చుక్కలు రక్తనాళాల్ని కాసేపు కుదించి తెల్లదనం చూపిస్తాయి అంతే, జబ్బుని ముట్టుకోవు, మానేస్తే ఎరుపు తిరగబెడుతుంది అని తర్వాత తెలిసింది. మూడు నెలలు వేశాను. మీరు ఈ పని చేయకండి.

చీటీల ముచ్చట అయ్యాక వారంలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు అమ్మాయి. నా మాట పూర్తిగా విన్నది. నేను “కళ్ళు కారుతున్నాయండీ” అన్నాను. ఆవిడ “కళ్ళు పొడిబారాయమ్మా” అంది. నాకు కోపమొచ్చింది. కర్చీఫు తడిసి ముద్దయి చేతిలో ఉంది, పొడిబారడమేంటి!

“ఉండండి, చూపిస్తాను” అని ముందు రెండు కింది రెప్పల్లోపల సన్నటి బ్లాటింగు కాగితం ముక్కలు చెరొకటి తగిలించింది. అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోమంది. దీన్ని షిర్మర్ పరీక్ష అంటారు. 1903 నుంచి ఉందట, ఇంకా కాగితం ముక్కే. వృత్తిరీత్యా నాకు ముచ్చటేసింది. అయిదు నిమిషాల్లో కాగితం ఎంత మేర తడిసిందో కొలుస్తారు. పది మిల్లీమీటర్లు దాటితే నీటికి లోటు లేనట్టు. నాది పద్దెనిమిది.

తర్వాత నారింజ రంగు అద్దిన ఇంకో కాగితం కంటికి ఆనించి, నీలం దీపం వేసి, రెప్ప కొట్టొద్దంది. ఆ వెలుగులో కన్నీటి పొర పచ్చగా మెరుస్తుంది. అది ఎక్కడ చిరిగితే అక్కడ నల్లమచ్చ కనిపిస్తుంది. ఎన్ని సెకన్లకి చిరుగుతుందో లెక్కపెడతారు. పది సెకన్లయినా ఆగాలి. “ఒకటి, రెండు, మూడు... చిరిగింది” అంది. ఇంకో కంట్లో నాలుగు.

ఆ తర్వాత చేసింది నాకు బాగా గుర్తు. బొటనవేలితో నా కింది రెప్పని మెల్లగా నొక్కి, పక్కనున్న తెరలో చూడమంది. వెంట్రుకల వెనకాల, రెప్ప అంచు మీద, సూది మొనలంత రంధ్రాలు వరసగా ఉన్నాయి. కుట్టు మిషను వేసిన కుట్టులాగా. ఆరోగ్యంగా ఉన్న కంట్లో అలా నొక్కితే వాటిలోంచి నువ్వుల నూనెలాంటి తేట చుక్క ఊరుతుందట. నా రెప్పలో కొన్నిట్లోంచి ఏమీ రాలేదు. కొన్నిట్లోంచి టూత్‌పేస్టులాగా సన్నటి తెల్లటి పోగు బయటికొచ్చి అక్కడే నిలబడింది.

“నీళ్ళు మీకు పుష్కలంగా ఉన్నాయమ్మా. నూనె రావట్లేదు.”

కంట్లో నూనె ఉంటుందని ఆ రోజుదాకా నాకు తెలియదు. ఇంత వయసొచ్చింది, రెండు సైన్సు పాఠ్యపుస్తకాలకి పేజీలు కట్టాను, అయినా తెలియదు. కన్నీరంటే ఉప్పునీరు అనే అనుకున్నాను. అది మూడు సరుకుల వంటకం. అడుగున కంటికి నీటిని పట్టి ఉంచే సన్నటి జిగురు. దాని మీద నీరు. అన్నిటికన్నా పైన నూనె. ఆ నూనె లేకపోతే నీరు గాలికి ఆవిరైపోతుంది. ఆవకాయ జాడీలో పైన నూనె తేలకపోతే మా అమ్మ ఊరుకునేది కాదు, నాలుగు రోజులకి బూజు పడుతుందని ఇంకో గిద్దెడు నూనె కాచి పోసేది. అదే పద్ధతి, కాకపోతే జాడీలో నూనె కదలకుండా ఉంటుంది. కంట్లో ప్రతి రెప్పపాటుకీ చెదిరి మళ్ళీ పరుచుకోవాలి.

ఎంత మందం ఉంటుందో నా లెక్కలో చెప్తాను. మనం పుస్తకాలు వేసే మ్యాప్‌లితో కాగితం సుమారు 100 మైక్రాన్లు. కన్నీటి పొర మొత్తం కలిపి మూడు మైక్రాన్లకి కాస్త అటూ ఇటూ. అంటే కాగితంలో ముప్ఫయ్యో వంతు. దాని పైనున్న నూనె పొర కాగితంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ మాత్రం సరుకు మీద నా ఒత్తులు, దీర్ఘాలు, నా పరువు ఆధారపడి ఉన్నాయి.

మరి కళ్ళు కారడమేంటి? నూనె లేక పొర చిరిగిన చోట కంటి నల్లగుడ్డు పైపొర ఎండుతుంది. అక్కడున్న నరాలు గోల పెడతాయి. పైన కనుబొమ్మ చివర ఉన్న నీటి గ్రంథి ఆ గోల విని ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. నూనె లేని నీళ్ళు కంటి మీద నిలవవు, చెంప మీదికి దిగిపోతాయి. రెప్ప అంచున నూనె రాసినట్టుంటే నీరు గట్టు దాటదు. నాకు ఆ గట్టు కూడా లేదు. కనుక ఎండడం, కారడం రెండూ ఒకటే జబ్బు. చేనుకి నీళ్ళు పెడుతూనే ఉన్నారు, చేను ఎండుతూనే ఉంది.

నూనె గ్రంథులకి మైబోమియన్ గ్రంథులని పేరు. జర్మనీలో హెల్మ్‌స్టెట్ విశ్వవిద్యాలయానికి చెందిన హైన్రిఖ్ మైబోమ్ అనే వైద్యుడు 1666లో వీటి గురించి లాటిన్‌లో ఒక ఉత్తరం రూపంలో వివరంగా రాసి అచ్చు వేయించాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది. పై రెప్పలో పాతిక నుంచి నలభై దాకా, కింది రెప్పలో ఇరవై నుంచి ముప్ఫై దాకా ఉంటాయి. రెప్పకి బిగువునిచ్చే గట్టి పలకలో నిలువుగా, పక్కపక్కనే దిగేసినట్టుంటాయి. పై రెప్పవి పొడుగు, కింది రెప్పవి పొట్టి. తల మీద, మొహం మీద నూనె ఊరించే గ్రంథులకి ఇవి దాయాదులే, కాకపోతే వీటికి వెంట్రుక తగిలి ఉండదు. లోపల కణాలు నూనెతో నిండి, నిండి, చివరికి తామే పగిలి నూనెలో కలిసిపోతాయి. చెరుకు గానుగలో పిప్పి మిగులుతుంది, ఇక్కడ పిప్పి కూడా మిగలదు.

క్లినిక్కులో ఇచ్చిన తెలుగు కరపత్రంలో ‘గ్రంధి’ అని ఉంది. పెన్ను తీసి ‘గ్రంథి’ అని దిద్దాను. డాక్టరమ్మ నవ్వింది. గ్రంథికీ గ్రంథానికీ ధాతువు ఒకటేనండీ, రెండిటికీ కట్టడం, ముడివేయడం అనే అర్థం, రెండిటికీ థ అని చెప్పాను. కంటి ముందు వెలుగుతున్న దీపంలోకి చూస్తూ కూడా ప్రూఫులు దిద్దే పేషెంటు ఆవిడకి నేనే మొదటిదాన్ని అయ్యుంటాను.

ఇంకో గదిలో ఫొటో తీశారు. రెప్ప తిరగేసి, కంటికి కనపడని పరారుణ కాంతితో. ఇది కాస్త చిరాకే, నొప్పి మాత్రం లేదు. ఫొటోలో గ్రంథులు తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. గోడ మీద పోస్టరు అంటించారు, బాగున్న రెప్పది. గీతల పుస్తకంలో పేజీ నిలువుగా తిప్పినట్టు, ఒక చివర నుంచి ఇంకో చివరకి వరసగా గీతలు. నాది పక్కన పెట్టారు. ముక్కు వైపు పర్లేదు. మధ్యలో గీతలు సగంలో ఆగిపోయాయి. ఒక చోట నాలుగైదు గీతలుండాల్సిన జాగా బూడిద రంగులో ఖాళీగా ఉంది. టైపు చేసేటప్పుడు పేరా ఎగిరిపోతే పేజీ ఎలా ఉంటుందో అలా ఉంది. “మళ్ళీ వస్తాయా?” అని అడిగాను. పోయిన గ్రంథిని మళ్ళీ మొలిపించే మందు ఇప్పటికైతే లేదంది. మూసుకుపోయిన వాటిని తెరవొచ్చు, ఉన్నవాటిని నిలబెట్టుకోవచ్చు. చీటీ అంటించి సరిచేసే తప్పు కాదిది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకిలా అయిందో ఒకటే కారణం చెప్పమంటే చెప్పలేరట. నా విషయంలో ఆవిడ అడిగిన ప్రశ్నలు నాలుగు. నెలసరి గతి తప్పిందా? తప్పింది. ఈ గ్రంథుల్ని పోషించే హార్మోన్లు ఆ వయసులో తగ్గుతాయి. మొటిమలకి మాత్రలు ఏమైనా వాడారా? లేదు. ఐసోట్రెటినోయిన్ అనే మాత్ర చర్మం నూనెతో పాటు రెప్ప నూనెని కూడా ఆర్పేస్తుందట. మా చెల్లెలి కూతురు అదే వాడుతోందని గుర్తొచ్చి, చర్మ డాక్టరుతో కళ్ళ సంగతి కూడా మాట్లాడమని ఫోన్ చేశాను. కాటుక ఎక్కడ పెడతారు? రెప్ప వెంట్రుకల లోపలి అంచున, ఎనిమిదో తరగతి నుంచి. రోజుకి ఎన్ని గంటలు తెర చూస్తారు? పది, తక్కువలో తక్కువ.

కాటుక దగ్గర నేను కాస్త వాదించాను. అమ్మమ్మ చేసిన కాటుక, పొన్నగంటాకు పసరులో నానబెట్టి ఆరబెట్టిన వత్తి, ఆముదం దీపం, మీద బోర్లించిన ఇత్తడి పళ్ళెం. చలవ అని కదా పెట్టేది? ఆవిడ ఏమీ కొట్టిపారేయలేదు. తెరలో ఇందాకటి ఫొటో మళ్ళీ పెద్దది చేసి, ఆ సూది మొనల రంధ్రాల వరసని పెన్నుతో చూపించింది. “మీరు కాటుక పెట్టేది సరిగ్గా వీటి మీదేనమ్మా” అంది. ఇంక మాట్లాడటానికి ఏముంది? ఇప్పుడు పెడితే వెంట్రుకల బయట పెడతాను, పెళ్ళిళ్ళకి మాత్రమే.

తెర సంగతి ఇంకా విచిత్రం. మామూలుగా కబుర్లు చెప్పుకునేటప్పుడు నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప కొడతాం. తెర చూసేటప్పుడు అది సగానికో అంతకంటే కిందికో పడిపోతుంది. రెప్ప వాల్చిన ప్రతిసారీ రెప్ప అంచున ఉన్న కండరం గ్రంథుల్ని పిండి కాస్త నూనె బయటికి తెస్తుంది, రెప్ప లేస్తూ దాన్ని పైకి పరుస్తుంది. వాల్చకపోతే నూనె లోపలే ఉండి గట్టిపడుతుంది. మా అమ్మాయి చాటుగా నేను పని చేస్తుంటే ఫోన్‌లో వీడియో తీసింది. నిమిషంలో అయిదు. అందులో రెండు సగంలోనే లేచిపోయినవి, పై రెప్ప కింది రెప్పని తాకనే లేదు. ఒత్తుల కోసం వెతికేటప్పుడు నేను రెప్ప వేయనని మా ఆయన ఎప్పుడూ అంటూనే ఉన్నాడు. నేనది మెచ్చుకోలు అనుకున్నాను.

దేవతల్ని అనిమిషులు అంటాం. రెప్ప వేయనివాళ్ళని అర్థం. దమయంతి స్వయంవరంలో అయిదుగురు నలులు కూర్చుంటే, రెప్ప వేసిన నలుణ్ణే అసలు నలుడని గుర్తుపట్టిందట. చిన్నప్పుడు ఆ కథ విని దేవతలే గొప్ప అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, దమయంతి కంట్లో చెమ్మ ఉన్నవాణ్ణి చూసి చేసుకుంది. నిమి చక్రవర్తి కథ కూడా ఉంది. వసిష్ఠుడి శాపంతో శరీరం పోయి, మళ్ళీ శరీరం వద్దన్నాడు. దేవతలు ఆయన్ని ప్రాణుల రెప్పల మీద ఉండమన్నారు. నిమిషానికి అయిదుసార్లే లేస్తూ కూర్చుంటే నా రెప్పల మీద ఆయనకి బొత్తిగా పనే లేదు.

ఇక వైద్యం. పెద్ద మందేదో రాస్తుందనుకుంటే, ఆవిడ మొదట రాసింది ‘వేడి కాపడం, రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు’.

ఈ నూనె నెయ్యిలాంటిది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రెప్ప వేడికే కరిగి ఉంటుంది. గ్రంథి మూసుకుపోయినప్పుడు నూనె గుణం మారి, కరగడానికి ఇంకాస్త వేడి కావలసి వస్తుంది. డిసెంబరులో పేరుకుపోయిన నెయ్యి గిన్నెని అన్నం గిన్నె మూత మీద పెడతాం చూడండి, అదీ కాపడం. రెప్ప దగ్గర 40 డిగ్రీల వేడి కాసేపు నిలవాలి. మరీ ఎక్కువైతే రెప్ప కాలుతుంది, తక్కువైతే నూనె కదలదు.

మా అమ్మమ్మ ఇది ఎప్పుడో చేసింది. కంటికురుపు లేస్తే చీర కొంగు నాలుగు మడతలు వేసి, బంతిలా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని ‘హా’ అని ఊపిరి ఊది కంటి మీద ఒత్తేది. మళ్ళీ ఊది, మళ్ళీ ఒత్తేది. ఆ కొంగు తమలపాకు, పసుపు వాసన. కురుపుల్లో కొన్ని ఈ నూనె గ్రంథి మూసుకుపోయి వాచినవేనట, నొప్పి లేకుండా బఠాణీ గింజలా మిగిలిపోయేది కూడా దీన్నుంచే. దారి సరైనదే. ఊపిరి వేడి చాలదు, నిలవదు, అంతే తేడా. అయినా అమ్మమ్మ పది నిమిషాలు ఊదేది, నిజం చెప్పాలంటే అంతసేపు ఓపిగ్గా ఊదేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?

నేను మొదట చేతి తువ్వాలు వేణ్ణీళ్ళలో ముంచి పిండి వేసుకున్నాను. రెండు నిమిషాలకే చల్లబడేది. పది నిమిషాలంటే అయిదుసార్లు లేచి ముంచాలి, మెడ మీదంతా నీళ్ళు, మూడో రోజుకి విసుగు. ఇక్కడే చాలామంది ఆపేస్తారని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనూ వారం ఆపేశాను.

అప్పుడే మా వదిన వచ్చింది, కిలో అవిసె గింజలు పట్టుకుని. పొడి చేసుకుని రోజూ ఒక చెంచా తింటే కళ్ళలో నూనె ఊరుతుందట, వాళ్ళ ఆఫీసులో ఒకావిడకి తగ్గిపోయిందట. నేను దీన్ని డాక్టరమ్మనడిగాను. అవిసెలోనూ చేపనూనెలోనూ ఉండే ఒమేగా-3 మీద చాలా ఆశలు పెట్టుకున్నారని చెప్పింది. 2018లో అమెరికాలో డ్రీమ్ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ఏడాది పాటు కొందరికి చేపనూనె మాత్రలు, కొందరికి ఆలివ్ నూనె మాత్రలు ఇచ్చారు, ఎవరికి ఏవో చెప్పకుండా. రెండు గుంపులకీ కాస్త తగ్గింది, కానీ చేపనూనె వాళ్ళకి ఎక్కువేమీ తగ్గలేదు. తింటే తినండి, కాపడం మానేయకండి అంది.

వదినకి ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. గింజలు వృథా కాలేదు. పాత నూలు దిండుగలీబు కత్తిరించి, జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పున సంచీ కుట్టి, వాటిని అందులో పోశాను. మైక్రోవేవ్ ఓవెన్‌లో ఇరవై సెకన్లు. మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకుంటాను, చంటిపిల్లల పాలు చూసినట్టు. చురుక్కుమంటే ఆగుతాను. అవిసె గింజ నున్నగా, బరువుగా ఉండి కంటి గుంటలో సర్దుకుంటుంది, ఏడెనిమిది నిమిషాలు వేడి పట్టి ఉంచుతుంది. వదిన అడిగితే “రోజూ వాడుతున్నా వదినా” అంటాను. అబద్ధం కాదు.

కాపడం అయిన వెంటనే రెప్పని పిండాలి. శుభ్రమైన వేలితో, కళ్ళు మూసుకుని, పై రెప్పని పైనుంచి కిందికి, కింది రెప్పని కిందినుంచి పైకి, అంటే ఎప్పుడూ వెంట్రుకల వైపుకి. గుడ్డు మీద నొక్కకూడదు. మొదటి పదిరోజులు ఏమీ తేడా తెలియలేదు, పైగా మసక ఎక్కువైనట్టనిపించింది. పాత నూనె బయటికొస్తోందని ఓపిక పట్టమంది. దీనితో పాటు ఆరు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు. సూక్ష్మజీవుల్ని చంపడానికి కంటే రెప్ప వాపు తగ్గించడానికే ఎక్కువట. అందరికీ పడే మందు కాదు, డాక్టరు చెప్తేనే. వేసుకోగానే నడుం వాల్చకూడదు. నేను ఒకరోజు వాల్చి గొంతులో మంటతో బాగా అనుభవించాను.

చుక్కల మందు, పాడవకుండా నిల్వ ఉంచే రసాయనాలు కలపనిది రాసింది. కొన్ని చుక్కల్లో నూనె కూడా కలుపుతారు, ఆ నూనె కొన్నిట్లో ఆముదమే. ఈ మాట ఇంట్లో చెప్పడమే నా పొరపాటు. మా అత్తయ్య వెంటనే గానుగాముదం సీసా తీసింది. చుక్కల మందులోది శుద్ధి చేసి, క్రిముల్లేకుండా, నీటిలో పాలలా కలిపినది, సీసాలోది తలకి రాసుకునేది అని నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఇవి కాక మిషన్లున్నాయి. రెప్పని లోపలి నుంచి వేడి చేస్తూ బయటి నుంచి పిండేది ఒకటి, 2011 నుంచి అమెరికాలో అనుమతి ఉంది. కళ్ళ కింద చర్మం మీద వెలుగు కొట్టేది ఇంకొకటి. పనికిరావని నేను అనను, వాటితో తేరుకున్నవాళ్ళు ఉన్నారు. నాకు చెప్పిన ధర నాలుగు పుస్తకాలు పేజీలు కడితే వచ్చేంత. అది చేయించుకున్నా ఇంటి దగ్గర కాపడం తప్పదన్నారు. అయితే ముందు కాపడంతోనే చూద్దాం అన్నాను.

బల్ల మార్చాను. ఏసీ గాలి మొహం మీద పడకుండా తిరిగి కూర్చున్నాను. మానిటరు కంటి మట్టానికి దిగువకి దించాను, కిందికి చూస్తే కన్ను తక్కువ తెరుచుకుంటుంది, తక్కువ ఆరుతుంది. ప్రతి పేజీ చివర కళ్ళు మూసి, మెల్లగా రెండు లెక్కపెట్టి, తెరుస్తాను. పేజీకి రెండుసార్లు. టైమరు పెట్టుకోమన్నారు కానీ అది మోగితే వాక్యం తెగుతుంది. పేజీ చివరైతే ఎలాగూ ఆగాలి.

ఏడాదిన్నర గడిచింది. మొన్న చూపించుకుంటే ఆరు, ఏడు సెకన్లు. పది రాలేదు. కొన్ని రంధ్రాల్లోంచి తేట నూనె వస్తోంది. ఆ బూడిద రంగు జాగా ఫొటోలో అలాగే ఉంది, పెరగలేదు. వారధి మీద ఇంకా కారుతాయి, చలికాలంలో ఎక్కువ. మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మసక ఇప్పుడు ఐదున్నర, ఆరుకి మొదలవుతోంది. రెండున్నర గంటలు. నా పనిలో అది ఇరవై పేజీల ప్రూఫు.

స్మారక సంచిక అబ్బాయి మళ్ళీ వచ్చాడు, వాళ్ళమ్మగారి సహస్ర చంద్ర దర్శనం పత్రికకి. నేను ముందే అడిగాను, నా దగ్గరికే ఎందుకొచ్చావు బాబూ అని. “చీటీలు చూసి మా నాన్నయితే నవ్వేవాడండీ, ఆయన తెలుగు మాస్టారు” అన్నాడు. సహస్రలో ఏ తప్పూ పడదు కానీ ‘చంద్ర’లో సున్నా బాగా చూసుకున్నాను.

ఇది రాస్తూ నాలుగుసార్లు ఆగాను. ఓవెన్ మోగింది, వెళ్ళాలి. అవిసె సంచీ చల్లారితే మళ్ళీ ఇరవై సెకన్లు.